ప్రశ్న వార్డులో, పుస్తకం కాలేజీలో: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కాన్పు అయ్యాక తల్లికి ఎంత రక్తం పోయిందో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. కొంత గుడ్డల్లో ఇంకుతుంది, కొంత నేల మీద కారుతుంది, కొంత బల్ల కింది బేసిన్‌లో పడుతుంది. అన్నిటినీ కలిపి కంటితోనే అంచనా కట్టాలి. ఏళ్ల తరబడి కాన్పులు చూసిన సిస్టర్ కూడా ఉన్నదానికన్నా తక్కువే చెప్పే అవకాశం ఎక్కువ. కర్ణాటకలోని బెళగావిలో దాదాపు ఇరవై ఏళ్ల కిందట దీన్ని పరీక్షించి చూశారు. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి నడుము కింద పరిచి, కారిన రక్తం అందులోకే చేరేలా చేశారు. సంచి కొలతల పక్కన కంటి లెక్కలను పెట్టి చూస్తే, కంటి లెక్క మూడో వంతు తక్కువగా తేలింది. అర లీటరు దాటితే ప్రమాదమని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ లెక్కన కంటికి అర లీటరుగా కనబడేసరికి అసలు పోయింది ముప్పావు లీటరు అన్నమాట.

ఆ సంచి తయారైంది పల్లెల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన కోసం. బెళగావి జిల్లాలో ఉపకేంద్రాల్లోనూ ఇళ్లలోనూ కాన్పులు చేసే ఏఎన్‌ఎంలు 1,620 మంది తల్లులతో ఆ పని చేశారు. కొందరికి అధిక రక్తస్రావాన్ని నివారించే మిసోప్రోస్టాల్ మాత్ర, కొందరికి మందులేని ఉత్తి మాత్ర. ఏది ఎవరికి అందిందో ఇచ్చేవాళ్లకూ తెలియదు. ఉత్తి మాత్ర మింగినవాళ్లలో 12 శాతం మందికి అధిక రక్తస్రావం అయితే, మందు అందినవాళ్లలో అది 6.4 శాతానికి తగ్గింది. 2006లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలు అచ్చువేసింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో ఈ అవసరానికి మిసోప్రోస్టాల్‌ను చేర్చింది. పరిశోధన రూపురేఖలు గీసింది బెళగావి వైద్య కళాశాల డాక్టర్లూ అమెరికా విశ్వవిద్యాలయాల వాళ్లూనే. అయితే మాత్ర చేతికిచ్చింది, సంచి పరిచింది, అంకె చూసి రాసింది ఏఎన్‌ఎంలు.

కథ అక్కడితో ఆగలేదు. అదే తరహా కొలత సంచిని 2023లో ‘ఈ-మోటివ్’ అనే పరిశోధన మళ్లీ ముందుకు తెచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రులు, 2 లక్షల మందికి పైగా తల్లులు. సంచిలో రక్తం గీత దాటగానే గర్భాశయం మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్ష, ఇవన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా వెంటనే మొదలుపెట్టేలా మిడ్‌వైఫ్‌లకూ డాక్టర్లకూ తర్ఫీదు ఇచ్చారు. మామూలు పద్ధతి నడిచిన ఆస్పత్రుల్లో అధిక రక్తస్రావాన్ని సుమారు సగం మందిలోనే గుర్తుపట్టగలిగితే, కొత్త పద్ధతిలో 93 శాతం మందిలో గుర్తుపట్టారు. లీటరు దాటిన రక్తస్రావం, దాన్ని ఆపడానికి పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయాయి. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు. ప్రతి లేబర్ రూమ్‌కూ తెలిసిన పనులే. వాటిని చేసే మనిషి చేతికి అందేలా, సమయానికి గుర్తొచ్చేలా అమర్చారు, అంతే.

ఈ లేఖ హైదరాబాద్ పాతబస్తీ గురించి. బెళగావితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నర్సు చేసే పనిలోంచి ప్రశ్న పుట్టి, పరిశోధనగా మారి, పాఠంగా తిరిగొచ్చి, మళ్లీ నర్సు చేతిలోనే అమలైతే ఎన్ని ప్రాణాలు దక్కుతాయో అది చూపిస్తుంది. మన దగ్గర ఆ దారి మధ్యలోనే తెగిపోతోంది.

పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి గురించి మీకు చెప్పనవసరం లేదు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలైంది అక్కడే. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా నుంచి ఆటోల్లో, అంబులెన్స్‌ల్లో వచ్చే తల్లులకు అదే దిక్కు. జిల్లాల నుంచి ఇక కష్టమని పంపేసిన కేసులూ అక్కడికే చేరతాయి. తెలంగాణ సాధించింది చిన్నదేమీ కాదు. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 43, దేశం మొత్తం మీద 97. ఆస్పత్రి కాన్పులు 97 శాతం. ఈ అంకెల వెనక రాత్రింబవళ్లు నిలబడ్డ నర్సులున్నారు.

అదే కాలపు మరో అంకె మాత్రం గుండెల్లో గుచ్చుకుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం, దేశ సగటు 21.5. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గినట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. కోత అవసరమైనప్పుడు కోయాల్సిందే, అందులో వాదన లేదు. కానీ పదిమందిలో ఆరుగురికి అవసరమా? ముహూర్తాలనీ, నొప్పులంటే భయమనీ, ప్రైవేటు ఆస్పత్రుల లాభాలనీ కారణాలు చాలానే చెబుతారు. అన్నీ కొంత కొంత నిజమే. వీటిలో తక్కువగా వినబడే కారణం ఒకటుంది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన గంటల తరబడి కూర్చుని, ఆమెకు ధైర్యం చెబుతూ, శాస్త్రం ప్రకారం కాన్పును ముందుకు నడిపించే మనిషి మన లేబర్ రూముల్లో లేకపోవడం.

ఆ మనిషి ఏం చేయాలో నర్సింగ్ పుస్తకంలో ఇప్పుడు వివరంగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెప్పేదేమిటంటే, తల్లికి నచ్చిన తోడు మనిషి పక్కన ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టకుండా నడవనివ్వాలి, అనుకూలమైన భంగిమ ఆమెనే ఎంచుకోనివ్వాలి. ప్రతి తల్లికీ అలవాటుగా ప్రసవ ద్వారం దగ్గర కోత (ఎపిసియోటమీ) పెట్టకూడదు. కాన్పు గదిలోకి తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని ఇదంతా చదువుతుంది, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటుంది. క్లినికల్ పోస్టింగ్‌కు వచ్చాక మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల చూసేది వేరు. వరసగా బల్లలు, వాటి మీద వెల్లకిలా తల్లులు, తలుపు బయట ఆరాటపడే అమ్మలూ అత్తలూ. మూడు వారాలు తిరిగేసరికి ఆ పిల్లకు ఒకటి అర్థమవుతుంది. పుస్తకంలోది పరీక్షకు, ఇక్కడిది ఉద్యోగానికి.

ఇందులో వార్డు సిస్టర్‌ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. రాత్రి డ్యూటీలో ఆ నిష్పత్తి ఎక్కడైనా కనబడుతుందేమో మీరే ఒకసారి ముందుగా చెప్పకుండా వెళ్లి చూడండి. యూరప్‌లో తొమ్మిది దేశాల 300 ఆస్పత్రుల్లో 4 లక్షలకు పైగా శస్త్రచికిత్స రోగుల రికార్డులను లిండా ఐకెన్ బృందం పరిశీలించి 2014లో లాన్సెట్‌లో రాసింది. నర్సు మీద ఒక్కొక్క రోగి భారం పెరిగే కొద్దీ, చేరిన 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే ఆ అవకాశం అంతే మేరకు తగ్గింది. మనుషులూ కావాలి, చదువూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది వాయిదా వేయడానికి వీల్లేదు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది నర్సింగ్ ఆఫీసర్లకు నియామక పత్రాలు ఇచ్చారు. మనుషుల విషయంలో అది మంచి అడుగు. చదువు సంగతి మిగిలింది.

చదువు ఎక్కడ తెగిందో చూడాలంటే కాలేజీ టైంటేబుల్ చూస్తే చాలు. ట్యూటర్ కాలేజీ మనిషి, హెడ్ నర్సు ఆస్పత్రి మనిషి. ఇద్దరి జీతాల రిజిస్టర్లు వేరు, ప్రమోషన్ల దారులు వేరు, పై అధికారులు వేరు. ట్యూటర్ పొద్దున విద్యార్థినులను వార్డులో వదిలి, కేర్ ప్లాన్లూ కేస్ స్టడీలూ రాశారో లేదో రికార్డుల్లో సంతకాలు పెట్టి వెళ్తుంది. వార్డులో ఏం చేయాలో చెప్పే అధికారం ఆమెకు లేదు. హెడ్ నర్సుకు విద్యార్థినులు దొరికిందే అదృష్టం. బీపీలు, టెంపరేచర్లు, ఇంజెక్షన్లు వాళ్లతో గట్టెక్కిస్తుంది. ఎందుకు చేస్తున్నామో చెప్పే తీరిక ఆమెకు లేదు. పాఠం తెలిసిన ఆమె చేతికి రోగి దొరకడు, రోగి దగ్గరున్న ఆమెకు కొత్త పాఠం అందదు.

పరిశోధన సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ఎంఎస్సీ నర్సింగ్ పూర్తి కావాలంటే సిద్ధాంత గ్రంథం రాయాలి. దేశంలో ఏ నర్సింగ్ కాలేజీ లైబ్రరీకి వెళ్లినా నల్ల అట్టలు, బంగారు అక్షరాలు, లోపల ఎక్కువగా ఒకే మూస. ఫలానా విషయంపై స్టాఫ్ నర్సులకు ఎంత తెలుసో ముందు పరీక్ష, ఒక బోధన కార్యక్రమం, తర్వాత పరీక్ష, మార్కులు పెరిగాయని ముగింపు. మార్కులు పెరగకుండా ఎలా ఉంటాయి? రోగికి ఏం మారిందో మాత్రం చాలాసార్లు ఎవరూ చూడరు. ఆ పిల్లల తెలివికి కొదవ లేదు. ఆరు నెలల్లో, ఒక్క పైసా సాయం లేకుండా, వార్డులో ఏ హోదా లేకుండా అంతకన్నా చేయనివ్వని ఏర్పాటులో వాళ్లు చదువుతున్నారు.

అడగాల్సిన ప్రశ్నలు పాతబస్తీలో అడుగడుగునా ఉన్నాయి. తోడు మనిషి ఉండాలని మార్గదర్శకం చెప్పింది, సరే. పక్కపక్కనే బల్లలున్న గదిలో ఒక తల్లికి తోడొచ్చిన మనిషి పక్క తల్లి పరదాకు అడ్డమైతే ఏం చేయాలి? తోడుగా అమ్మ మంచిదా, అత్త మంచిదా, వదినా? బల్లకూ బల్లకూ మధ్య తెర కడితే చాలా, గది మార్చాలా? జెనీవాలో కూర్చున్నవాళ్లు దీనికి జవాబు చెప్పలేరు. పేట్లబురుజులో పదేళ్లు పనిచేసిన సిస్టర్, ఆమె పక్కన పద్ధతి తెలిసిన ఒక అధ్యాపకురాలు కలిసి కూర్చుంటే చెప్పగలరు.

రంజాన్ నెల మరో ఉదాహరణ. తెల్లవారకముందే సహరీ తిని, ఇఫ్తార్ దాకా నీళ్లు కూడా ముట్టని షుగర్ రోగి ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత తీసుకోవాలో డాక్టర్ చీటీలో రాస్తారు. ఇంటికెళ్లాక ఆమె నిజంగా ఏం చేస్తుంది? షుగర్ పడిపోయి అత్యవసర విభాగానికి ఏ వేళల్లో వస్తున్నారు? ఉపవాసం విరమించాల్సిన గుర్తులు ఆమెకు ఉర్దూలో ఎవరైనా చెప్పారా? ఏటా వచ్చే నెల, ఏటా అవే కేసులు. ఉస్మానియా ఆస్పత్రి వార్డు నర్సులు నాలుగు రంజాన్లు పద్ధతిగా రాసి పెడితే దేశంలోని ముస్లిం బస్తీలన్నిటికీ పనికొచ్చే విషయం చేతికొస్తుంది. నల్లగొండ నుంచో నారాయణపేట నుంచో వచ్చిన తెలుగు పిల్ల, ఉర్దూ మాత్రమే వచ్చిన తల్లి నొప్పిని ఎలా అంచనా వేస్తుందన్నది ఇంకో ప్రశ్న. పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంది.

ఇది జరిగే పనేనా అన్న అనుమానం మీకు రాకూడదు. హైదరాబాద్‌లోనే జరిగింది. బొగ్గులకుంటలో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011 నుంచి నర్సులకు వృత్తి మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ కలిసి ప్రభుత్వ నర్సుల్లోంచి 30 మందిని ఎంపిక చేసి కరీంనగర్ జిల్లా ఆస్పత్రి కేంద్రంగా ఏడాదిన్నర శిక్షణ మొదలుపెట్టాయి. మిడ్‌వైఫరీ సేవలపై కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది 2018 డిసెంబరులో. అంటే తెలంగాణ దేశం కన్నా ముందు నడిచింది. ఆ శిక్షణలో కీలకం ఒక్కటే. పాఠం చెప్పే మనిషి లేబర్ రూమ్‌లోనే ఉంటుంది. విద్యార్థిని చెయ్యి పక్కన ఆమె చెయ్యి ఉంటుంది. పొద్దున చదివిన భంగిమను మధ్యాహ్నం తల్లితో కలిసి చూస్తారు, సాయంత్రం ఎందుకు పనికొచ్చిందో ఎందుకు రాలేదో మాట్లాడుకుంటారు. లేబర్ రూమ్‌లో పనిచేసిన ఈ పద్ధతి మెడికల్ వార్డులో, ఐసీయూలో, పసిపిల్లల విభాగంలో ఎందుకు పనిచేయదు?

వేలూరు సీఎంసీ దీన్ని దశాబ్దాలుగా చేస్తోంది. 1946లో బీఎస్సీ నర్సింగ్ మొదలుపెట్టిన ఆ కళాశాలలో బోధననూ వార్డు సేవనూ విడదీయలేదు. పాఠం చెప్పే అధ్యాపకులకే వార్డుల బాధ్యత కూడా ఉంటుంది. తరగతిలో చెప్పింది వార్డులో అమలు కాకపోతే జవాబు చెప్పాల్సింది ఆమే. తెలుగు కుటుంబాలు చిత్తూరు సరిహద్దు దాటి అక్కడికి వైద్యానికి వెళ్లేది డాక్టర్ల పేరు చూసే అయినా, తిరిగొచ్చాక నర్సుల గురించి చెప్పుకుంటాయి.

పసిబిడ్డల విషయంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి అనుభవం గుర్తుచేయాలి. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో అదీ ఒక కేంద్రం. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల మధ్య పుట్టిన బిడ్డలను పరిస్థితి కుదుటపడే దాకా ఆగకుండా పుట్టగానే తల్లి గుండెకు హత్తుకోనిస్తే మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. దానికోసం తల్లి మంచాన్ని బిడ్డల ఐసీయూలోకే తేవాల్సి వచ్చింది. మంచం ఎక్కడ వేయాలి, కుట్లు పచ్చిగా ఉన్న తల్లిని ఎవరు చూసుకోవాలి, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఏం చేయాలి, అన్నీ నర్సింగ్ ప్రశ్నలే. నీలోఫర్ పిల్లల ఆస్పత్రిలో, పేట్లబురుజులో ఈ పని ఏ రూపంలో సాధ్యమో తేల్చాల్సింది అక్కడి నర్సులే.

పరిశోధనంటే పరాయి విషయమనుకునే నగరం కాదిది. 1888, 1889ల్లో క్లోరోఫామ్ భద్రతపై రెండు హైదరాబాద్ కమిషన్లు పనిచేశాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరో నిజాం ధన సాయంతో జరిగిన ఆ పనిని లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిని పంపి మరీ చూసింది. అప్పటి హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తు ఇవ్వడంలో ప్రపంచంలోనే తొలి మహిళా నిపుణుల్లో ఒకరు. లారీ నిర్ధారణల్లో కొన్ని తర్వాత తప్పని తేలాయి. అయినా రోగి మంచం దగ్గర పుట్టిన ప్రశ్నను అఫ్జల్‌గంజ్ ప్రపంచం ముందు పెట్టగలిగింది. 1908 మూసీ వరదలో ఆ ఆస్పత్రి కొట్టుకుపోయింది, తర్వాత ఏడో నిజాం ఉస్మానియా భవనం కట్టించారు. 2020 జులైలో ఆ భవనం వార్డుల్లోకీ నీళ్లొచ్చి రోగులను తరలించాల్సి వచ్చింది. ఇప్పుడు గోషామహల్‌లో 2 వేల పడకల కొత్త ఉస్మానియాకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది.

అందుకే ఈ లేఖ ఇప్పుడు. గోడలు లేచాక మార్చడం కష్టం. ప్రతి అంతస్తులో వార్డు పక్కనే పదిహేను మంది కూర్చునే చిన్న తరగతి గది, ఒక కంప్యూటర్, పత్రికలు చదివే చందా ఉండేలా నక్షాలోనే చేర్పించండి. ఆరోగ్య కార్యదర్శి ఒక్క ఉత్తర్వుతో చేయగల పనులూ ఉన్నాయి. ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ అధ్యాపకులు ప్రతి ఒక్కరికీ ఒక వార్డు కేటాయించి, వారంలో సగం రోజులు అక్కడ హెడ్ నర్సుతో సమాన బాధ్యత ఇవ్వండి. అనుభవమున్న సిస్టర్లకు క్లినికల్ టీచర్ హోదా, బోధించిన గంటలకు డబ్బు, ప్రమోషన్‌లో లెక్క ఇవ్వండి. హోదా కాగితం మీదే ఉండి చేతికి రూపాయి రాకపోతే అది ఇంకో చాకిరీ అవుతుంది.

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని ఒక మాట అడగండి. ఎంఎస్సీ నర్సింగ్ అంశాలు వార్డుల నుంచే రావాలి. పేట్లబురుజు, ఉస్మానియా, నీలోఫర్, సుల్తాన్‌బజార్ ఆస్పత్రుల నర్సులు ఏటా తమ ప్రశ్నల చిట్టా పంపాలి. వైవాకు ముందు విద్యార్థిని తన ఫలితాలను అదే వార్డులో, అదే సిస్టర్ల ముందు, తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించాలి. వార్డు వాళ్లు వేసే ప్రశ్నలకు జవాబు చెప్పడం పరీక్షలో భాగం కావాలి. బోధనాసుపత్రుల ఎథిక్స్ కమిటీల్లో ఒక సీనియర్ నర్సుకు కుర్చీ వేయాలి. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో కొత్త కమిషన్ చట్టం చేసింది. దాని కింద రాష్ట్ర స్థాయి కమిషన్‌లో ఈ ఉమ్మడి హోదాలకు నిబంధనలు రాయించే వీలు మీ చేతిలోనే ఉంది.

వీటన్నిటికీ సమయం పడుతుందంటే, మొదటి పనిగా కొలత సంచి తీసుకోండి. పేట్లబురుజు లేబర్ రూమ్‌లో ఒక అధ్యాపకురాలినీ, ఇద్దరు సీనియర్ సిస్టర్లనూ, నలుగురు విద్యార్థినులనూ ఒక జట్టుగా వేసి, ఆరు నెలల పాటు ప్రతి కాన్పులో రక్తం కొలిపించి రాయించండి. ముందు ఎంతమందిలో గుర్తుపడుతున్నారు, తర్వాత ఎంతమందిలో, మందు ఎన్ని నిమిషాలకు పడింది, డాక్టర్‌ను ఎప్పుడు పిలిచారు, సంచి ఏ షిఫ్టులో వాడలేదు, ఎందుకు. ఆ కాగితాలు కోఠిలోని మీ శాఖ డైరెక్టరేట్‌కు వచ్చినప్పుడు వాటి మీద ఆ నర్సుల పేర్లు ఉండాలి. ఫలితం బాగుంటే సుల్తాన్‌బజార్‌కు, అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రులకు దాన్ని తీసుకెళ్లే బాధ్యత కూడా ఆ జట్టుకే అప్పగించండి.

ఇట్లు,
పాతబస్తీ పౌరురాలు